నీళ్లు కలిపిందెవరు?

సముద్రంలో చేపల వేట నిషేధం ముగిసిన మూడో రోజు ముత్యాలయ్య తన పడవ మోటారును తెచ్చి మెకానిక్ పెంచల్ షెడ్డులో దించాడు.

“స్పీడులో బాగనే పోతుందన్నా. తగ్గించినానంటే ఆగిపోతా ఉంది. మా బామ్మర్ది ఓబులేసే పెట్రోల్లో నీళ్లు కలిపినాడు.”

“చూసినావా?”

“చూడాల్నా? వలల కాడ గొడవైనప్పటి నుంచి నా మీద పగబట్టి ఉండాడు. నిన్న పెద్దల ముందర కూడా చెప్పినా.”

పెంచల్ ట్యాంకులోని పెట్రోలును గాజు సీసాలోకి వంపాడు.

“నీళ్లుంటే అడుక్కి చేరతాయి. ఏమన్నా కనపడతా ఉందా?”

“లేదు. అయితే ఇంకేదో చేసుంటాడు. కార్బురేటర్ విప్పి చూడన్నా.”

పెంచల్ విప్పి, పెట్రోలు పారే సన్నటి జెట్టును వెలుగుకు ఎత్తి పట్టాడు. దాని రంధ్రం మూసుకుపోయి ఉంది.

“చెప్పలా? ఏదో కుక్కినాడు!”

“ఎవురూ కుక్కలేదు. పాత పెట్రోలు ఎండి బంకయింది. నిషేధం రెండు నెలలూ పెట్రోలు లోపలే వదిలేసిందెవురు?”

“నేనేలే,” అన్నాడు ముత్యాలయ్య.

జెట్టు కడిగి బిగించాక, నీళ్ల డ్రమ్ములో దించి నడిపిస్తే మోటారు నెమ్మదిగా, ఆగకుండా తిరిగింది.

“అన్నా, ఈ మాట పెద్దలకు నువ్వు చెప్తావా?”

“నింద వేసింది నువ్వు. నువ్వే చెప్పు.”

ముత్యాలయ్య మోటారును అక్కడే వదిలి ఓబులేసు ఇంటివైపు నడిచాడు.