కొరికిన రొట్టె

అర్చా అడవి కింది ఊళ్ళో, ఇస్మత్ ఇంటి వసారాలో, అతని భార్య సవ్రీ, అన్న నజర్‌షో గాడిద మీద వేసే సంచి ముందు పెట్టుకుని కూర్చున్నారు. ఇస్మత్ కనబడక ఏడాది దాటింది.

"అటునుంచి ఎక్కుతానంటారేంటి బావగారూ? ఊరంతా ఇటునుంచే కదా ఎక్కేది."

"అందుకే అటునుంచి. వెతికినవాళ్ళంతా ఇటునుంచే పోయారు. బయటి దేశాలవాళ్ళు నడవడానికి చుట్టుదారి చేస్తానని వాడు రాళ్ళకి ఎర్రరంగు పూసుకుంటూ పోయాడు. వీళ్ళు ఆ రంగు చూసుకుంటూ కాలిన వాలుదాకా పోవడం, అక్కడ రంగు ఆగిపోతే వీళ్ళూ ఆగిపోవడం. నేను గొర్రెల రేవు దగ్గర ఎక్కి, అడవి వెనకనుంచి చుట్టుకుని, కాలిన వాలు మీదుగా ఇంటికి దిగుతా."

"అంత చుట్టూ తిరిగేది మీరేనా?"

"మరి గాడిదా?"

"గాడిదైతే నాకింత భయం లేదు. దానికి దగ్గు లేదు."

"నీ నోరుందే..."

"మాస్కోలో పదేళ్ళు సిమెంటు దుమ్ము మింగొచ్చారు. మొన్న మసీదు మెట్లెక్కి ఎంతసేపు ఆయాసపడ్డారో నేను చూడలేదనుకున్నారా?"

"మెట్లు నిటారుగా ఉంటాయి. అడవి కాస్త వాలుగా ఉంటుంది."

"నన్ను నవ్వించకండి."

"నవ్వట్లేదుగా నువ్వు. నీళ్ళ సంగతి చూద్దాం. మొదటి మజిలీ వెండి ఊట."

"అది ఎండిపోయింది. గొర్రెలకాపర్లు చెప్పారు."

"అయితే తల్లి ఊట."

"అదీ..."

"అదీ?"

"అడుగున తడి ఉందట. తడి అంతే."

"తడి ఉంటే తవ్వుతా. చెలమ తీస్తే ఊరదా?"

"మంచు పడని కొండలో ఏం ఊరుతుంది బావగారూ? రెండు చలికాలాలూ వట్టిపోయాయి. అర్చా చెట్లే నిలువునా ఎండిపోతున్నాయి, మనుషులకి ఎక్కడ మిగులుతాయి నీళ్ళు?"

"గాడిద మీద రెండు తిత్తులు వేస్తా."

"కొండ విరిగిపడ్డ చోట గాడిద దాటదు."

"దాటకపోతే వదిలేస్తా. ఇంటికి అదే వచ్చేస్తుంది. దారి తెలుసు దానికి."

"మరి మీకు?"

"సంచిలో ఏమేం పెట్టావు?"

"అడిగింది చెప్పరు."

"ఏమేం పెట్టావంటే?"

"ఎండు పెరుగు ఉండలు. మల్బరీ పిండి. ఖుబానీ గింజలు."

"గింజలు కొట్టి పెట్టావా? పళ్ళతో కొట్టే మొనగాడు ఈ ఇంట్లో ఒక్కడే పుట్టాడు. ముందు పళ్ళు రెండూ విరగ్గొట్టుకుని, నెత్తుటి నోటితో నా దగ్గరికొచ్చి, అమ్మకి చెప్పకన్నా అన్నాడు. ఎన్నాళ్ళని నోరు మూసుకు తిరుగుతాడు, వెధవ. ఆ సందు అలాగే ఉండిపోయింది."

"కొట్టే పెట్టాను."

"ఏంటి, గొంతు మారింది?"

"ఏం లేదు. అవునూ, ఈ అడుగున తెల్లగుడ్డ ఎవరు పెట్టారు?"

"నేనే. తలపాగాకి."

"తలపాగాకి ఇంత గుడ్డా?"

"ఎండ ఎక్కువ."

"బావగారూ, ఇది కఫన్ గుడ్డ. శవానికి చుట్టేది."

"అలా మడిచి అక్కడే పెట్టెయ్."

"నిన్న కూడా అత్తయ్యతో అన్నారు కదా. తమ్ముడు ఎక్కడో కాపర్ల దగ్గర ఉండుంటాడు, తీసుకొస్తానని."

"అమ్మతో అనేది వేరు."

"రొట్టె కొరికి వెళ్ళినవాడు మిగిలింది తినడానికి రాకుండా ఉండడంటారు కదా. ఆవిడ పొద్దున లేస్తే ఆయన రొట్టె తగిలించిన ఆ మేకు కిందే నిలబడుతుంది. ఆ రొట్టెని తడిమి గానీ టీ తాగదు."

"అవును. సవ్రీ, వాడు వెళ్ళిన పొద్దున మీరిద్దరూ గొడవపడ్డారా?"

"ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు. అడుగుతున్నా."

"మొగుడూపెళ్ళాలన్నాక పడరా?"

"రొట్టె కొరికాడా?"

"మేకుకి ఉంది కదా."

"నేనడిగింది అది కాదు."

"కొరికారు. నా ఎదురుగానే. ఇక్కడే, ఈ గడప దగ్గరే నిలబడి."

"సరే."

"సరే అంటే నమ్మినట్టా?"

"సరే అంటే సరే. టీ పొయ్యి."

"వెళ్ళకండి బావగారూ. నాకు భయంగా ఉంది. మీరూ రాకపోతే ఈ ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళం, గోడకి రెండు రొట్టెలు. అంతే మిగిలేది."

"వాడి ఎముకలు నక్కలకి వదిలెయ్యమంటావా? మట్టిలో పెట్టాలి. తలదగ్గర నిలబడి నాలుగు మాటలు చదవాలి. అప్పుడైనా నువ్వు ఇంకో దారి చూసుకుంటావు. ఎంతకాలమని ఈ మేకు కింద కూర్చుంటావు?"

"ఇంకో దారి చూసుకుంటానని నేనన్నానా? నేను కూర్చుంటాను."

"నువ్వు అనలేదు. నేనంటున్నా."

"తిరిగొస్తారా?"

"గాడిద వస్తుంది."

"అలా మాట్లాడకండి."

"ఇంకెలా మాట్లాడను? ఎండిన ఊటలు నువ్వే చెప్పావు కదా ఒక్కొక్కటీ."

"అత్తయ్య లేచినట్టుంది. ఇదిగో, పొయ్యిలోంచి ఇప్పుడే తీశాను. కొరకండి. కొరక్కుండా గడప దాటనివ్వను. ఈసారి..."

"ఈసారి?"

"ఏం లేదు. కొరకండి. మీకు దండం పెడతాను, ఒక్కసారి కొరకండి."

"ఆ మేకుకున్న రొట్టె ఏడాదిగా నేనూ చూస్తున్నాను సవ్రీ. కొరికినచోట పళ్ళ వరసలో సందు ఎక్కడా లేదు. ఏడవకు, అమ్మ వింటుంది. నాదీ నువ్వే కొరికి, దాని పక్కన తగిలించు."