గురువారం వచ్చిన నివేదిక

లీట్రిమ్ జిల్లా దక్షిణపు అంచున, ఒక ఇంటి ముందుగదిలో శవపేటిక తెరిచి ఉంది. వచ్చినవాళ్ళు చనిపోయిన ఫింటన్ చేతిని తాకి, వంటింట్లో టీ తాగి వెళ్తున్నారు. అక్కడ అతని భార్యతో స్లైగో ఎంపీ మాట్లాడుతున్నాడు.

"చాలా బాధగా ఉందమ్మా."

"ఏడేళ్ళకి గుమ్మం తొక్కారు. అంతకుముందైతే ఈ ఊళ్ళో పిల్లి చచ్చినా వచ్చేవారు."

"నేనేం చెయ్యనమ్మా? జిల్లాని రెండు ముక్కలు చేసి, మీ ముక్కని రాస్కామన్ నియోజకవర్గంలో కలిపేశారు."

"ఇంటికొచ్చి చూసే నర్సు కోసం పోయినేడు ఆయన మీకు ఉత్తరం రాశాడు."

"గుర్తుందమ్మా. మీ ఎంపీని నేను కాదుగా, అందుకే రాస్కామన్ ఎంపీకి పంపించాను."

"ఆ రాస్కామన్ ఎంపీ, మీ ఆస్పత్రి స్లైగోలో ఉంది, స్లైగో ఎంపీనే అడగండి అన్నాడు."

"నాకు మళ్ళీ రాయాల్సింది."

"పెన్ను పట్టుకునే ఓపిక లేదాయనకి. నన్ను రాయనివ్వలేదు. మన ఎంపీ కాని మనిషిని ఎన్నిసార్లు దేవిరిస్తాం అన్నాడు."

ఎంపీ టీ కప్పు పక్కన పెట్టాడు.

"మరి ఇవాళ ఎందుకొచ్చారు?"

"నియోజకవర్గాల సరిహద్దుల కమిషన్ కొత్త నివేదిక ఇచ్చిందమ్మా. లీట్రిమ్‌ని మళ్ళీ ఒకటి చేసి మా స్లైగోలో కలిపారు. వచ్చే ఎన్నికలకి మీరు మావాళ్ళే."

"ఎప్పుడిచ్చారు?"

"గురువారం."

"ఆయన బుధవారం పోయాడు. రాస్కామన్ లెక్కలోనే పోయాడు."