సంత్ర రంగు మూత

సిరిసిల్లలో మరమగ్గాల మీద, వాళ్ల మాటలో సాంచెల మీద, బతికే ఇల్లు అది. పొద్దున ఏడు దాటింది. బీడీలు చేసి సంపాదించే చంద్రవ్వ పొయ్యి ముందు ఉంది, గడప మీద ఆమె ఒక్కగానొక్క బిడ్డ, ఇంటర్ చదివే మమతారాణి.

"ఎందుకు విప్పుతున్నవ్ అవ్వా? గిన్నెకు నువ్వు రాత్రి కట్టిన పోగు కట్టినట్టే ఉన్నది. ముడి నేను ముట్టలే."

"సూసిన. అందుకే విప్పుతున్న."

"బువ్వ దిక్కే పోలే నేను. కావాల్నంటే నా చేతులు సూడు."

"పోలేదంటున్న గద. ఎవలన్నరు పోయినవని?"

"నువ్వే. దినాం నువ్వే అంటవ్."

"ఇయ్యాల అంటలేను. షుగరు ఎంతొచ్చింది?"

"మూడొందల ముప్పై ఎనిమిది."

"ఊ."

"ఊ అంటవేంది? తిట్టవా?"

"తిట్ట."

"నిన్న మూడొందలు దాటిందని గంటెతోని కొట్టినవ్."

"కొట్టిన. కొట్టిన చెయ్యి ఇరగ. గిటు రా, పీట మీద కూసో. సర్వపిండి చేసిన. పల్లీలు మస్తుగేసిన."

"సర్వపిండా? నాకా?"

"ఇంకెవలికి?"

"నాకు పొద్దుగాల అర రొట్టె, పల్చటి సల్ల అన్నవ్ గద. ఐదు నెలల సంది గదే గద. బియ్యప్పిండి నా కంటికే కనవడనియ్యకపోతివి."

"అర రొట్టె బంద్. ముడి బంద్. రాత్రి నీ మంచానికి అడ్డం పండుడు బంద్."

"ఏమైంది నీకు? పొద్దున్నే ఏడికి వోయినవ్?"

"బీడీల కంపెనీకి."

"కంపెనీ తొమ్మిదింటికి గద తెరుస్తరు."

"గదే... అనసూర్య ఇంటికి వోయిన."

"ఏ అనసూర్య? దవాఖాన నర్సు, అనసూర్యక్కనా?"

"ఆ. నీ మీద చెప్పుదామనే వోయిన. గిన్నెకు ముడేసినా తింటుంది, తాళమేసినా తింటుంది, షుగరు దిగుతలేదు, జర నువ్వన్న వచ్చి భయపెట్టు సిస్టరమ్మా అని. ఆమె పండ్లు తోముకుంట నిలవడ్డది. ఆమె ముంగట అర్ధగంట నీ మీద ఉన్నయి, లేనియి అన్నీ చెప్పిన. అంతా ఇన్నది. ఇని, ఏసే సూది తెచ్చినవా అని అడిగింది. కొంగుల కట్టుకపోయిన మందు సీసను, సూదిని. తీసి సూపెట్టిన."

"చెప్పు, ఇంటున్న."

"మూత జూసింది. సంత్ర పండు రంగు మూత. సీసను తిప్పి తిప్పి జూసింది. సీస మీద నలభై అని రాసున్నదట. గా సీసకు ఎర్ర మూత సూదే వాడాల్నట. సంత్ర మూతది వంద అని రాసున్న సీసలకట. దాంతోని పది గీతలు గుంజితే ఒంట్లకు నాలుగు గీతల మందే పోతదట. నాలుగే, మమతా. బతుకమ్మ పండుగ సంది నీకు పదికి నాలుగే పోతున్నది."

"బాపు సాంచెల కాడి నుంచి ఇంకా రాలేదా? రాత్రి డ్యూటీ ఆరింటికే అయిపోతది గద."

"నేనేం చెప్తున్న, నువ్వేం అడుగుతున్నవ్?"

"సూది ఏసేది బాపు గద. అందుకడిగిన."

"ఇయ్యాల నేనేస్త. ఎర్రవి ఇచ్చింది అనసూర్య, ఇగో. షుగరు దిగుతలేదని దవాఖాన పెద్దసారు పది నుంచి పదిహేను చేసిండు గద, దీంతోని పదిహేను గుంజితే పిల్ల కండ్లు తిరిగి పడిపోతది, ముందుగాల పదే ఎయ్యి, రేపు సారుకు సూపెట్టు అన్నది. ఏసినంక అర్ధగంటకు తిందువు. షుగరు దిగుతదట మమతా. నీళ్లకు నీళ్లు తాగుడు, రాత్రంత దొడ్డి దిక్కు ఉరుకుడు, అన్నీ తక్కువైతయట. నీ తప్పేం లేదే. నేనే పాపపుదాన్ని."

"ఏడువకు."

"ఏడువనియ్యి. ఎదిగిన పిల్లను కడుపు మాడ్చి ఎండవెట్టిన. పక్కింటి రామవ్వ ఇంట్ల బూంది తిన్నవని, ఆమె ముంగటనే నీ నోరు తెరిపిచ్చి వాసన జూసిన. యాదికుందా నీకు?"

"ఉంది."

"గప్పుడు గూడ తినలేదవ్వా అన్నవ్, గంతే. మా అవ్వ నన్ను గట్ల జేస్తే నేను ఆమె మొఖం సూడకపోదును."

"ఇగ తియ్యి అవ్వా. మందు గుంజు. గాలి బుగ్గలు లేకుండ జూడు."

"మమతా."

"ఆ."

"గింత ముచ్చట చెప్తే నువ్వు అయ్యో అనలేదేందే?"

"అంటి గద."

"అనలే. ఔనా అనలే. ఎర్రదేంది, సంత్రదేంది అని అడుగలే."

"ఆకలైతున్నది. అందుకే."

"నా దిక్కు జూసి చెప్పు."

"పొయ్యి మీద మాడుతున్నది సూడు."

"మాడనియ్యి. నీకు ముందే ఎరుకనా మమతా?"

"ప్రాక్టికల్స్ అప్పుడు ఎరుకైంది."

"అంటే?"

"ల్యాబుల గీతలు, కొలతలు చెప్పిండ్రు. ఇంటికొచ్చి ఊకెనే సీస చేతిలకు తీసుకొని సదివిన. నలభై అని ఉంది. సూది డబ్బ మీద వంద అని ఉంది. కాగితం మీద లెక్క జేసి సూసుకున్న."

"రెండు నెలలు. రెండు నెలల సంది ఎరుకై, నేను దొంగ తిండి అని కొడుతుంటే కొట్టిచ్చుకున్నవా?"

"ఉత్తగ ఊకోలే నేను. బాపు పండుకున్నంక ఇంకిన్ని గీతలు నేనే ఏసుకున్న, నాలుగు దినాలు. రెండొందలకు దిగింది గూడ. మందు ఎట్ల ఒడుస్తున్నదని నువ్వే పట్టుకున్నవ్. సల్లగుండాల్నని సీస వెట్టిన నీళ్ల కుండను నీ మంచం కిందికి జరుపుకున్నవ్."

"మందు పారవోస్తున్నవనుకున్ననే. సూది ఏసుకునుడు ఇష్టం లేక పారవోస్తున్నవనుకున్న."

"అనుకుంటవ్ మరి."

"నోరు లేదా నీకు? అవ్వా, గీ సూది మనది కాదు అని ఒక్క మాట. ఒక్క మాట చెప్పరాదా?"

"గీ సూది ఎవలు తెచ్చిండ్రు?"

"మీ బాపు."

"ఎందుకు తెచ్చిండు?"

"ఎందుకంటే..."

"చెప్పు."

"సన్నగుంటది, నొప్పి తక్కువుంటదని. దుకాణపాయన ఎర్రదే ఇచ్చిండట. గిది దబ్బనం లెక్క ఉన్నది, నా బిడ్డకు పొద్దుమాపు గుచ్చాలె, ఇంతకంటే సన్నది లేదా అని సతాయిస్తే గిది తీసిచ్చిండట."

"గా దినం బాపు ఎంత సంబురపడ్డడో నీకెరుకే. నా బిడ్డకు నొప్పి లేని సూది దొరికిందని వాడకట్టంత చెప్పిండు. దినాం గుచ్చినంక అడుగుతడు, నొప్పైందా బిడ్డా అని. నేను లేదంట. గప్పుడు నవ్వుతడు. బాపు దినంల నవ్వేది గా ఒక్కసారే."

"బాపు నవ్వు కోసం నీ ప్రాణం తీసుకుంటవా?"

"నా ప్రాణం గురించి కాదవ్వా."

"మరెవరి ప్రాణం?"

"పోయిన ఎండకాలం సాంచెలు బందైనంక బాపు షెడ్డుల లోపట గడియ వెట్టుకున్నడు. రాజయ్య పెదబాపు తలుపు వలగ్గొట్టకపోతే ఇయ్యాల మనకు బాపు ఉండునా?"

"గా ముచ్చట తియ్యకు."

"తియ్యక ఎట్ల? దవాఖానకెళ్లి ఇంటికి తెచ్చినంక నా సూది పని బాపు చేతుల వెట్టింది నువ్వే. పొద్దున లేస్తే చెయ్యాల్సిన పని ఒక్కటున్నా మనిషి నిలవడుతడని నువ్వే అన్నవ్. నిలవడ్డడు గద. తాగుడు మానేసిండు. మళ్ల డ్యూటీకి పోతుండు. పొద్దుగాల వచ్చి, సబ్బుతోని చేతులు కడుక్కొని, నా ముంగట కూసుంటుండు. గా చేతులతోనే బిడ్డను ఖరాబు చేసినవ్ బాపూ అని ఎట్ల చెప్పాలె?"

"ఆయనకు చెప్పకు. నాకు చెప్పరాదా? నాకు?"

"నీకు చెప్తే నీ కడుపుల ఆగుతదా? కోపమొస్తే ఎవలను ఏమంటవో నీకే తెల్వదు."

"గట్లనా."

"గట్లనే మరి. నేను అన్నీ సోంచాయించుకున్న. పరీక్షలు ఒడిసినంక కరీంనగర్‌ల డిగ్రీల చేరుత. హాస్టల్ల ఉంటే సూది నేనే ఏసుకుంట, ఎర్రది కొనుక్కుంట. బాపుకు ఎన్నటికీ తెల్వదు. ఇంకొక్క మూడు నెలలు ఓర్చుకుంటే ఏమైతది అనుకున్న."

"ఏమైతదా? కండ్లు మసక మసకైతున్నయంటివి. నిరుటి లంగలు నడుముకు నిలుస్తలేవు. పదకొండు కిలోలు తగ్గినవని అనసూర్య చెప్పింది."

"దిగుతదంటున్నవ్ గద ఇగ. కండ్లు గూడ మంచిగైతయి కావచ్చు."

"మూత్రం పరీక్ష గూడ చెయ్యాల్నన్నది."

"చేపిద్దాం. నువ్వు ఫికర్ చెయ్యకు. ముందుగాల ఒక్క పని చెయ్యి. బాపుకు గీ ముచ్చట చెప్పకు."

"సూది ఏసుకో ముందు."

"దుకాణంల సన్నయి అయిపోయినయట, గందుకే ఎర్రయి తెచ్చినమని నేను చెప్త. బాపు చేతులతోనే ఏపిచ్చుకుంట. నొప్పైనా కాలేదంట. షుగరు దిగుతుంటే నీ చేతి గుణమే బాపూ అంట. సరేనా? ఒట్టెయ్యి అవ్వా."

"సర్వపిండి చల్లారుతున్నది."

"చల్లారనియ్యి. ఒట్టెయ్యి."

"ముందుగాల నువ్వు..."

"ఒట్టెందుకు ఎయ్యవ్? బాపు ఎందుకు రాలేదవ్వా?"

"వస్తడు. ఏడికి వోతడు."

"అనసూర్యక్క ఇంటికాడికెళ్లి ఏ తొవ్వల వచ్చినవ్?"

"ఏ తొవ్వైతేంది?"

"షెడ్డు తొవ్వల వచ్చినవా?"

"చాయ హోటల్ కాడ కనవడ్డడు."

"ఏమన్నవ్?"

"నాకేం ఎరుక మమతా? నువ్వు చెప్పకపోతివి. ఐదు నెలలు బిడ్డను ఊకెనే కొట్టిన గదా అని నా కడుపుల మంట లేసింది. ఆయన సల్లగ చాయ తాగుతుండు. నాకు కండ్లు కనవడలే."

"ఏమన్నవవ్వా?"

"నీ చేతులు పడిపోనన్న. మూత రంగు తెల్వని మనిషివి సూది ఎందుకు వట్టినవన్న. నలుగురి ముంగట అన్న. బట్టకు ఏ రంగేసిండ్రో ఆమడ దూరం నుంచి చెప్తవ్ గద, గీ రంగు ఎట్ల తెల్వలే అన్న."

"ఇంకేమన్నవ్?"

"గంతే."

"అవ్వా."

"గా దినం రాజయ్య బావ షెడ్డు తలుపు వలగ్గొట్టకుంటే నా బిడ్డ మంచిగుండేది అన్న. నోటికొచ్చింది, అన్న. ఏం జెయ్యాలె నేను?"

"బాపు ఏమన్నడు?"

"ఏమనలే. సూది అడిగి తీసుకున్నడు. మూత తీసి, వెట్టి, తీసి జూసిండు. బిడ్డ తిన్నదా అన్నడు. ఇంకా తినలేదన్న. ఇష్టమైంది చేసి కడుపునిండ వెట్టు అన్నడు."

"ఏ దిక్కు వోయిండు?"

"ఇంటికే వస్తుండనుకున్న. నా ఎనుకనే వస్తుండనుకొని తిరిగి సూడలే."

"ఎంతసేపాయె?"

"గంట కావొస్తున్నది."

"ఫోన్ చెయ్యి. సూది గాడ వెట్టు, ముందుగాల బాపుకు ఫోన్ చెయ్యి."

"ఎట్ల జెయ్యాల్నే? ఫోన్ నా చేతులనే వెట్టి పోయిండు. బిడ్డకు పనికొస్తదన్నడు."