పలకని ఇల్‌సున్

జెజు దీవిలో బస్సు దిగి తల్లీ కూతుళ్ళు ఒడ్డు వెంట ఇంటికి నడుస్తున్నారు. తల్లి మల్‌సున్ ఊపిరి బిగబట్టి సముద్రంలో మునిగి గుల్లలు ఏరే మనిషి. ఆమె రెండు చెవుల్లోనూ ఆ రోజే పెట్టిన వినికిడి మిషన్లు ఉన్నాయి.

"అరవకే, యోనొక్. చెవులు పగిలేట్టున్నాయి."

"అరవట్లేదమ్మా. నా గొంతే ఇంత. అరిచేది నువ్వు."

"నేనెప్పుడరిచాను?"

"బస్సులో డ్రైవరు రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు."

"చూస్తే చూశాడు, కుర్రాడు బానే ఉన్నాడు. ఇంతకీ ఈ కరకర ఏమిటి?"

"మన కాళ్ళ కింద కంకర. ఎప్పుడూ ఉండేదే."

"ఇంత గోలలో ఎలా బతుకుతున్నారే మీరంతా?"

"అలవాటు కావడానికి కొన్ని వారాలు పడుతుందని డాక్టరమ్మ చెప్పిందిగా. మర్చిపోయిన చప్పుళ్ళు మెదడు మళ్ళీ నేర్చుకోవాలట."

"ఆవిడ చాలా చెప్పింది. ఎడమ చెవి పొరకి చిల్లంది, ఆపరేషన్ చేసి అతుకేస్తానంది."

"వేయించుకోవచ్చుగా."

"వేయించుకుని? నెలల తరబడి నీళ్ళలోకి దిగకూడదట. ఆ తర్వాతైనా దిగనిస్తారన్న నమ్మకం లేదు. సముద్రం మానేసి ఇంట్లో మీ ఆయన మొహం చూస్తూ కూర్చోనా?"

"మా ఆయన మొహానికేమొచ్చింది?"

"ఏమీ రాలేదు. అదే బాధ."

"సర్లే. అతుకేసినా పూర్తిగా బాగవదుట. ఇన్నేళ్ళ నీటి ఒత్తిడికీ, వయసుకీ లోపలి చెవి కూడా దెబ్బతింది. అది మందులకి తిరిగిరాదు. అందుకే మిషన్లు."

"ఇవీ పనిచేయని రోజొస్తే?"

"అప్పుడు ఆపరేషన్ చేసి చెవి లోపల సన్నటి తీగ పెడతారట. నీకింకా అంతదాకా రాలేదు. కానీ మునిగేటప్పుడు వీటిని తీసెయ్యాలి, మర్చిపోకు."

"నీళ్ళలో తీసేస్తే ఇక ఒడ్డున ఎవరి మాటలు వినడానికే? నాకు కబుర్లు చెప్పేవాళ్ళెవరున్నారు?"

"ఇల్‌సున్ పిన్ని ఉంది."

"దాని పేరెత్తకు."

"ఎన్నాళ్ళమ్మా ఈ పంతం?"

"ఆ రోజు నా కాలికి పాత వల చుట్టుకుంది. పైకి తేలి పిలిచాను, ఇల్‌సున్, ఇల్‌సున్ అని. పక్కనే ఉంది. తలైనా తిప్పలేదు. నేనే కత్తితో కోసుకుని బయటపడ్డాను. పెళ్ళికి ముందు నుంచీ జంటగా మునిగాం మేము. అది నన్ను చావమని వదిలేసింది."

"ఆవిడేమో నువ్వే కారణం చెప్పకుండా మొహం తిప్పుకున్నావంటోంది. ఎన్నిసార్లు పలకరించినా జవాబివ్వలేదట."

"ఎప్పుడు పలకరించింది?"

"నీ ఎడమ పక్క నుంచి పలకరించిందేమో."

"ఎటు నుంచైతేనేం? గట్టిగా పిలవచ్చుగా."

"అదుగో, గోడ దగ్గర నాచు ఆరేస్తోంది. ఇప్పుడు నీకు వినపడుతుందిగా. వెళ్ళి అడుగు."

"అడిగేదేముంది? సరే, పద. నువ్వు మధ్యలో మాట్లాడకు."

"నోరే తెరవను."

"ఇల్‌సున్. ఒసే, ఇల్‌సున్. చూశావా యోనొక్, చెయ్యి చాస్తే అందేంత దగ్గరున్నాను. అదే పొగరు."

"ఎదురుగా వెళ్ళి పిలువమ్మా."

"మాట్లాడనన్నావు."

"ఇదొక్కటే."

"ఇల్‌సున్."

"అమ్మో, మల్‌సున్ అక్కా. పిల్లిలా వెనకనుంచి వచ్చావేమిటి? నాతోనే మాట్లాడుతున్నావా?"

"నీతోనే. ఆ రోజు కాలికి వల చుట్టుకుంటే..."

"ఆఁ? వానొస్తోందా? ఇంత ఎండలో వానేమిటక్కా? ఇప్పుడేగా నాచంతా పరిచాను."

"వాన కాదే, వల. వల. నీకు... ఒసే, నీకు నా మాట వినబడటం లేదూ?"

"గట్టిగా చెప్పక్కా. నువ్వు మరీ గొణుగుతున్నావు."

"యోనొక్, రేపు నువ్వు రానక్కర్లేదు. దీన్ని డాక్టరమ్మ దగ్గరికి నేనే తీసుకెళతాను."