మూడో గొంతు

అయితే ఒక మాట మూడూళ్ళలో మూడు నోళ్ళు అంటే చాలేటి మాస్టారూ? అది ఎవరికి తగిలిందో, తగిలినవాళ్ళు ఏమయ్యారో, మీ మాటల పుస్తకానికి అక్కర్లేదా?

అక్కర్లేదంటారా. సరే.

కూర్చోను. మీరు కూర్చోండి. ఈ కాఫీ గింజలు తిరగెయ్యాలి, బేగి ఎండ పోతాది.

పొద్దున ప్రార్థన అయ్యాక మీరు ఫోను తీసి అందరికీ వినిపించేరు. నిఘంటువు కోసం కొత్తగా పుట్టిన మాటలు ఏరుతున్నానన్నారు, కాఫీ పళ్ళు ఏరినట్టే అన్నారు. అందరూ నవ్వేరు. అప్పుడు ‘సగంపండు’ వచ్చింది. మొదటి గొంతు మా ఊరి తవిటమ్మది. రెండోది గుమ్మలక్ష్మీపురం సంతలో ఎవరో ముసలాయనది. మూడోది సాలూరు బట్టల కొట్లో పిల్లది.

అది విన్నాక నేను బయటికొచ్చేసేను.

మీ పుస్తకం బళ్ళకి పంపుతారంట కదా. హాస్టళ్ళకి కూడానా? మ్...

పండు ఎర్రబడితేనే కొయ్యాలి మాస్టారూ. సగం ఎరుపు, సగం పచ్చ ఉంటే కొమ్మకే వదిలెయ్యాలి. నాలుగు రోజులాగితే అదే పండుతాది. తొందరపడి కోసినవాళ్ళ బుట్ట తూకం దగ్గర బోర్లిస్తారు. అందరి ముందూ నేల మీద కూర్చుని పచ్చివి ఏరుకోవాలి. ఆ పండునే సగంపండంటాం. ఎప్పట్నించో అంటాం. మనిషిని మాత్రం ఎవరూ అనలేదు.

ముందటేడు అన్నారు.

ఎవరా? చెప్తాను, ఉండండి.

ఒక గుంట, చిన్నపిల్ల. పది తప్పి హాస్టలు నుంచి ఇంటికొచ్చేసింది. ఆ యేడు మాతో కోతకొచ్చింది. చెయ్యి చెట్టు మీద, మనసెక్కడో. దాని బుట్ట బోర్లిస్తే సగానికి సగం పచ్చివే. అప్పుడొక మనిషి అంది: “ఇదీ సగంపండే. చదువులోనూ పండలేదు, పనిలోనూ పండలేదు.” తూకం దగ్గర నలభై మంది ఉన్నారు. విరగబడి నవ్వేరు. అన్న మనిషీ నవ్వింది.

గుంట కూర్చుని ఏరుకుంది.

ఇంకేముంది, కుళాయి దగ్గర అదే మాట. సంత జీపులో అదే మాట. తర్వాతి యేడు పది తప్పిన పిల్లలందరికీ అదే పేరు. గుంట మాత్రం అంతకు ముందే కొండ దిగిపోయింది, ఒక్క సంచీతో. ఈ పొద్దు దాకా ఎక్కడుందో తెలీదు. ఫోనెత్తదు. ఎనిమిది నెలలు చేసేను. తర్వాత నెంబరే పోయింది.

మీరే కదా పొద్దున రూలు చెప్పేరు. మాట పుట్టిన ఇంటివాళ్ళు చెప్తే లెక్కకి రాదు, బయటివాళ్ళే మూడు చోట్ల అనాలి అని. అది చెప్పడానికే మిమ్మల్ని పిలిచేను. మీ మూడో గొంతు లెక్కకి రాదు. కొట్టెయ్యండి. మిగిలినవి రెండే, మాట పుస్తకానికి ఎక్కదు.

ఎందుకంటే, అది మా సుజానాది.

ఆ అన్న మనిషిని నేనే. ఆ కోతకి మేస్త్రీని నేను. బుట్ట బోర్లించిందీ నేనే. ఈ అంతోనమ్మ తన కూతుర్ని వెనకేసుకొచ్చిందని ఎవరూ అనకూడదనుకున్నాను. ఎవరూ అనలేదు.

ఫోన్లో వినపడింది, మీరు దాన్ని అడిగేరు కదా, ఈ మాట మొదట ఎవరన్నారమ్మా అని. ఏమంది? “ఏమోనండీ, అందరూ అంటారు” అంది. నవ్వింది. నా పేరు చెప్పలేదు.

ఆ నవ్వు మధ్యలోనే తుంచేసింది. మీకు తెలిసుండదు.

అది ఎప్పుడైనా మనసు మార్చుకుని మళ్ళీ పది రాయడానికి బడి మెట్లెక్కితే, అక్కడ మీ పుస్తకంలో ఈ మాట అచ్చులో కనపడకూడదు. అంతే.

కొట్టేసేరా. మంచిది.

మరి ఆ గొంతు? అదీ తీసేస్తారా ఫోన్లోంచి?

అవున్లెండి. పనికిరానిది ఉంచుకోకూడదు. నేనూ మేస్త్రీనే కదా, రూలంటే తెలుసు.

తీసేముందు ఇంకొక్కపాలి పెట్టండి మాస్టారూ. మాట వద్దు. ఆ నవ్వు కాడ్నించి.