మొదటి దెబ్బ

మంచి నడవడికా! ఎవరికమ్మా, నా కొడుక్కా? జైల్లో చేతికి సమ్మెట ఇవ్వరు కదా, నడవడిక మంచిగానే ఉంటుంది. పిల్లిని గోనెసంచిలో కట్టేసి, పాలు ముట్టలేదని మెచ్చుకున్నట్టుంది మీ వరస.

కూర్చోండి ఆఫీసరమ్మా. ఆ పీట మీద కాదు, మసి అంటుతుంది. ఈ కుర్చీలో. ఆ కాగితం మళ్ళీ ఒకసారి చదవండి. అక్షరాలు కూడబలుక్కుంటే గానీ నాకు రావు, చెవులు మాత్రం బాగానే ఉన్నాయి. పదేళ్ళలో నాలుగేళ్ళు తగ్గిస్తారు. కన్నతండ్రి ఇంట్లో పెట్టుకుంటానంటే ఈ వారమే వదులుతారు. అంతేనా?

పెట్టుకోను.

ఎందుకంటారేం? మనిషిని చంపాడమ్మా! ఉడుకు నెత్తురు, తల్లి లేని పిల్లాడు అని వకీలు ఏకరువు పెట్టాడు. తల్లి లేనివాళ్ళంతా తలలు పగలగొడుతున్నారా? నాకూ చిన్నప్పుడే పోయింది. చెయ్యి వాడిది, చేసిందానికి వాడే పడాలి. కోర్టులోనూ ఇదే చెప్పాను, తడుముకోకుండా.

చచ్చినవాడా? గేట్ల కాంట్రాక్టరు. వాడు చచ్చాడు గానీ వాడి మీద నా కసి చావలేదు. నేను చేసిచ్చిన గేటు బందులు విరిగాయని తెచ్చి, ఇనుము పెట్టి కొట్టే నా దాగలి మీద గిరాటేశాడు. నలభై ఏళ్ళలో నా ఇనుము విరగలేదు! “ముసలోడా, నీ చెయ్యి పడిపోయింది, కొలిమి ఆర్పుకుని మూల కూర్చో” అన్నాడు, నలుగురిలో. దాగలి మీద అరచెయ్యి ఆనించి మరీ నవ్వాడు. నా కొడుకు ఎదురుగానే ఉన్నాడు, సమ్మెట భుజాన పెట్టుకుని.

మా పని ఎప్పుడైనా చూశారా? కాలిన ఇనుము మీద నేను చిన్న సుత్తితో ఎక్కడ తడితే, వాడు అక్కడ సమ్మెట వెయ్యాలి. అడగకూడదు, ఆలోచించకూడదు. ఆలోచిస్తే ఇనుము చల్లారుతుంది. మీసాలు రాకముందే నేర్పాను. ఒక్క క్షణం ఆలస్యమైతే పటకారుతో వీపు మీద వాతే.

తట్టాను.

అవునమ్మా, తట్టాను. దాగలి మీద ఆ కాంట్రాక్టరు వేళ్ళ పక్కన, చిన్న సుత్తితో, ఠంగుమని. రాసుకోకండి, వినండి. చూసినవాళ్ళకి అదొక చప్పుడు. సమ్మెట దిగింది. ఐదు వేళ్ళూ నుజ్జునుజ్జు. మోకాళ్ళ మీద కూలి, ఆ చెయ్యి పొట్టలో దాచుకుని, నా కొడుకుని వాళ్ళమ్మతో సహా తిట్టాడు. రెండో దెబ్బ కణత మీద పడింది. నెత్తురు నా గడ్డం దాకా చిందింది. దానికి నేను తట్టలేదు. ఒట్టు! అది వాడిదే.

జడ్జిగారు నన్ను అడిగారు, నువ్వేమైనా అన్నావా అని. ఏమీ అనలేదన్నాను. అబద్ధం కాదు కదా, నోరు విప్పలేదు! వాడు బోనులోంచి నా వైపు చూశాడు. ఊరుకున్నాడు. ఆరేళ్ళుగా ఊరుకునే ఉన్నాడు. మీ ఫైల్లో ఉందా ఈ ముక్క? ఉండదు.

తిట్టుకుంటూ వస్తాడంటే ఎదురెళ్ళి తలుపు తీసేవాణ్ణి, తల్లీ. తిట్లు పడగలను. వాడు తిట్టడు. పొద్దున్నే లేచి, కొలిమి రాజేసి, “ఏం చెయ్యమంటావు నాన్నా?” అని నా ముందు నిలబడతాడు.

నా వల్ల కాదు.

ఇప్పుడు రాయండి. తండ్రి ఒప్పుకోలేదని రాయండి. ఎందుకని మీ పైవాళ్ళు అడిగితే, ముసలోడికి ఇంకా కోపం తగ్గలేదని చెప్పండి.