ప్లాటినం తీగ చేసిన మాయ

1989 జూలై 17వ తేదీన మా విద్యుత్ రసాయన విభాగంలో శాస్త్రజ్ఞురాలిగా అడుగుపెట్టి, ఆ విభాగానికే అధిపతిగా ఎదిగి, చిన్నాపెద్దా అందరిచేతా ‘ఇనుమక్క’ అని పిలిపించుకున్న మేడమ్ గారు నేడు పదవీ విరమణ చేస్తున్నారు.

హైడ్రోజన్‌తో విద్యుత్తు పుట్టించే ఇంధన ఘటంలో ఆక్సిజన్‌ చర్యను వేగిరపరచడానికి ప్లాటినం వంటి ఖరీదైన ఉత్ప్రేరకం తప్పదని లోకం తీర్మానించుకున్న రోజుల్లో, ఆ పనిని చౌకైన ఇనుముతో చేయించి తీరాలని వారు పంతం పట్టారు. ఇనుప లవణాన్ని మసితో కలిపి కొలిమిలో కాల్చడం, నూరడం, పరీక్షించడం, పారబోయడం. యౌవనమంతా ఇందులోనే గడిచిపోయింది.

ఎట్టకేలకు ఒక నమూనా ప్లాటినంతో సరితూగింది. సంస్థ పొంగిపోయి సన్మాన సభ ఏర్పాటు చేసింది. సభకు ముందురోజు మధ్యాహ్నం, పరీక్షపాత్రలో రెండో ధ్రువంగా వాడుతున్న ప్లాటినం తీగ సన్నబడినట్టు తోచి, వారు దాన్ని తీసేసి గ్రాఫైట్ కడ్డీ పెట్టి చూశారు. తెర మీద చర్య వేగాన్ని చూపే గీత ఒక్కసారిగా కుప్పకూలింది. తీగలోని ప్లాటినమే కరిగి, ఇనుప నమూనా మీదికి చేరి, ఆ ఘనకార్యమంతా వెలగబెట్టిందన్నమాట! వారు తిన్నగా సంస్థ సంచాలకుల గదికి వెళ్లారు.

“సార్, అది ఇనుము గొప్పతనం కాదు. ప్లాటినం దొడ్డిదారిన వచ్చి కూర్చుంది.”

సంచాలకులు నిర్ఘాంతపోయారు. “ఇప్పుడా చెప్పేది? సభ కానివ్వమ్మా, తర్వాత మెల్లగా చూద్దాం.”

“సభలోనే చెప్తానండీ.”

చెప్పారు. చప్పట్లకు ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉండిపోయాయి. సభకు వచ్చిన అత్తగారు మాత్రం ఇంటికి వెళ్లే దారిలో, “ఇత్తడిని పుత్తడని నమ్మించేవాళ్లను చూశాను గానీ, ప్లాటినాన్ని పట్టుకుని దొంగన్నదానివి నువ్వొక్కదానివేనే!” అని పకపకా నవ్వారట. కోడలికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే ముంచుకొచ్చాయి.

ఆ తరువాత నిధులు ఆగాయి. విశాలమైన ప్రయోగశాల పోయి ఇరుకు గది మిగిలింది. ప్లాటినం గడప తొక్కని ఆ గదిలో, ఏళ్ల తరబడి శ్రమించాక, ఇనుము నిజంగానే పనిచేసింది. మేడమ్ సంతోషించలేదు. “నేను నమ్మను. బయటివాళ్లచేత చేయించండి,” అన్నారు. మరో మూడు ప్రయోగశాలలు వేర్వేరుగా పరీక్షించి అవునన్నాయి. ఆ కబురు వినిపించినప్పుడు వారు బల్ల అంచు పట్టుకుని నిలబడ్డారు.

“నిజంగా ఇనుమేనా?”

“ఇనుమేనండీ, మేడమ్.”

అప్పుడు కూర్చున్నారు, కళ్లు తుడుచుకోవడానికి.

తొంభై దాటిన అత్తగారి నవ్వు వినబడే ఆ ఇంట, ఫలితాల దిగులు లేని ఉదయాలు వారికి దండిగా దక్కాలనీ, వింతకు విస్తుపోవడం మరువని ఆ గుండె నిండు ఆరోగ్యంతో నూరేళ్లూ కొట్టుకుంటూనే ఉండాలనీ మనసారా కోరుకుంటున్నాం.